ఇంటి కరెంటు లోడు పెంచుతున్నారా? ఏ వైరు ఎంత సైజు వేయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏసీ, గీజరు, ఇండక్షన్ స్టవ్వు, బోరు మోటారు ఒకదాని వెంట ఒకటి ఇంట్లోకి వచ్చాక పాత వైరింగు చాలక ఇబ్బంది పడుతున్నవాళ్ల కోసం ఈ పేజీ. ఇక్కడ 4 స్క్వేర్, 6 స్క్వేర్ అన్నచోటల్లా లోపలి లోహం అడ్డుకోత వైశాల్యం అన్ని చదరపు మిల్లీమీటర్లని అర్థం. వేరే చెప్పకపోతే అది రాగి వైరే.

కొత్తగా ఏసీ పెడుతున్నాం. ఏసీ పాయింటుకు మంచి వైరు లాగితే చాలదా?

చాలకపోవచ్చు. కరెంటు స్తంభం నుంచి సర్వీస్ వైరు మీద మీటరుకు, మీటరు నుంచి మెయిన్ వైరు మీద డీబీకి (స్విచ్చులుండే పంపిణీ పెట్టె), అక్కడి నుంచి పాయింటుకు వస్తుంది. ఏసీకి 4 స్క్వేర్ కొత్త వైరు వేసినా, మీటరు నుంచి డీబీకి ఇరవై ఏళ్ల కిందటి 2.5 స్క్వేరే ఉంటే ఇంటి మొత్తం లోడు ఆ సన్న వైరు మీదే పడుతుంది. కాలితే కాలేది అదే. ముందు మీటరు దగ్గర మొదలుపెట్టి లోపలికి చూసుకుంటూ రండి. చాలామంది చివర్నుంచి మొదలుపెడతారు, డబ్బు అక్కడే వృథా అవుతుంది.

మీటరు మీద ముద్రించిన అంకెలు కూడా చదవండి. సింగిల్ ఫేజ్ మీటరు మీద 5-30 ఆంపియర్లు అని ఉంటే, 30 ఆ మీటరు మోయగల గరిష్ఠ కరెంటు. లోపల ఎంత లావు వైరు వేసినా ఆ మీటరు ఉన్నంతకాలం 30 దాటి వాడకూడదు.

మా ఇంటి లోడు లెక్కేసేదెలా?

ఒక్కో వస్తువు వెనక ఉండే ప్లేటు మీద వాట్లు రాసి ఉంటాయి. అవి కాగితం మీద వేసుకోండి. ప్లేటు కనబడకపోతే ఈ అంకెలతో మొదలుపెట్టొచ్చు: ఒకటిన్నర టన్నుల ఏసీ 1,500 నుంచి 1,800 వాట్లు, స్టోరేజీ గీజరు 2,000, ఇన్‌స్టంట్ గీజరు 3,000, ఇండక్షన్ స్టవ్వు 1,800 నుంచి 2,000, ఒక హెచ్‌పీ మోటారు తీసుకునేది దాదాపు 1,100, ఇస్త్రీ పెట్టె 1,000, మిక్సీ 500 నుంచి 750, ఫ్రిజ్ 200. నీళ్లు వేడిచేసే వాషింగ్ మెషిన్ అయితే 2,000 దాటుతుంది.

అన్నీ కూడి వచ్చిన మొత్తం మీ లోడు కాదు. ఒకేసారి ఏవేవి నడుస్తాయో చూడాలి. నెల్లూరులో గీజరు నడిచే కాలం వేరు, ఏసీలు నడిచే కాలం వేరు. మే నెల సాయంత్రం ఏడున్నర గంటలు అనుకోండి. రెండు ఏసీలు 3,200, వంటింట్లో ఇండక్షన్ 1,800, పైట్యాంకు నింపుతున్న మోటారు 1,100, ఫ్రిజ్ 200, ఫ్యాన్లు, లైట్లు, టీవీ 600. మొత్తం 6,900 వాట్లు. 230 వోల్టుల దగ్గర సరిగ్గా 30 ఆంపియర్లు. సాయంత్రం వోల్టేజీ 200కి పడితే ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఇన్వర్టర్ ఏసీ తన పని తాను చేయడానికి వోల్టేజీ తగ్గినకొద్దీ ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. 1,600 వాట్ల ఏసీ 230 దగ్గర 7 ఆంపియర్లు తీసుకుంటే 190 దగ్గర ఎనిమిదిన్నర తీసుకుంటుంది.

ఈ ఇంటికి మూడు కిలోవాట్ల కాంట్రాక్టెడ్ లోడు (కరెంటు సంస్థ దగ్గర మీ పేరున రాయించుకున్న లోడు) చాలదు. 5-30 మీటరూ చాలదు. మోటారును పగలు వేసుకుంటే కొంత తగ్గుతుంది గానీ, ఇంట్లో అందరూ ఆ క్రమం పాటిస్తారని నమ్మి వైరు సైజు తగ్గించకండి.

ఏ సైజు వైరు ఎంత కరెంటు మోస్తుంది?

పీవీసీ ఇన్సులేషన్ రాగి వైరు, పైపులో ఒక సర్క్యూట్ (రెండు వైర్లు) మాత్రమే, చుట్టూ వేడి 40 డిగ్రీలు అనుకుంటే, కంపెనీల పట్టికల్లో కనబడే అంకెలివి:

1 స్క్వేర్: 11 ఆంపియర్లు
1.5 స్క్వేర్: 13
2.5 స్క్వేర్: 18
4 స్క్వేర్: 24
6 స్క్వేర్: 31
10 స్క్వేర్: 42
16 స్క్వేర్: 57

అవే వైర్లు పైపు లేకుండా గోడ మీద క్లిప్పులతో వేస్తే కొంచెం ఎక్కువ మోస్తాయి: 2.5 స్క్వేర్ 22, 4 స్క్వేర్ 29, 6 స్క్వేర్ 37. షాపులో ఈ రెండో వరస చూపించి "ఇది చాలు సార్" అంటారు. మీ వైరు పైపులో పోతుంటే ఆ అంకె మీది కాదు.

పట్టికలో 18 అని ఉంటే 18 ఆంపియర్లు వాడుకోవచ్చా?

మన ఎండల్లో కుదరదు. పీవీసీ వైరు లోపలి లోహం 70 డిగ్రీలు దాటకూడదు. చుట్టూ 40 ఉంటే వేడెక్కడానికి 30 డిగ్రీల వెసులుబాటు ఉంటుంది. మేలో ఒంగోలు, నెల్లూరులో నీడలోనే 43, 44 డిగ్రీలు వస్తాయి. మధ్యాహ్నమంతా ఎండ కాచిన స్లాబులోని పైపులో 50 దాటుతుంది. అక్కడ మిగిలే వెసులుబాటు 20 డిగ్రీలే. అందుకని పట్టిక అంకెను 45 డిగ్రీలకు 0.91తో, 50కి 0.82తో, 55కి 0.71తో గుణించాలి.

దీనికి తోడు ఒకే పైపులో రెండు మూడు సర్క్యూట్లు లాగడం మామూలు. అన్నీ ఒకేసారి పూర్తి లోడుతో నడిస్తే రెండింటికి 0.8, మూడింటికి 0.7 అదనంగా గుణించాలి. 2.5 స్క్వేర్ వైరు, స్లాబు వేడి 50, పక్కన ఇంకో ఏసీ సర్క్యూట్: 18 × 0.82 × 0.8 అంటే 11.8 ఆంపియర్లు. పట్టికలో 18 అని రాసింది మీ స్లాబులో 12కి దిగొచ్చింది. రెండు బెడ్‌రూముల ఏసీలకూ ఒకే పైపులో 2.5 లాగి, రెండింటికీ 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతటదే పడిపోయే స్విచ్చు) పెట్టిన ఇళ్లు మన ఊళ్లలో లెక్కలేనన్ని. ఏసీలు మంచివైతే 8 ఆంపియర్లతో నడుస్తూ ఏమీ కాదు. కానీ ఎంసీబీ కాపాడాల్సింది వైరును. ఇక్కడ వైరు హద్దు 12, ఎంసీబీ హద్దు 16. ఎవరైనా ఆ ఏసీ పాయింటులోనే ఇస్త్రీ పెట్టె కూడా పెడితే ఎంసీబీ కిమ్మనకుండా వైరు వేడెక్కుతుంది. ఏసీకి 4 స్క్వేర్ వేయమని చెప్పేది అందుకే. ధర తేడా ఒక గదికి పెద్దగా ఉండదు. పగలగొట్టిన గోడ మళ్లీ పూయడానికి అంతకంటే ఎక్కువ అవుతుంది.

మరి ఏ వైరుకు ఎన్ని ఆంపియర్ల ఎంసీబీ?

50 డిగ్రీల లెక్కతో, పైపులో ఒంటరి సర్క్యూట్‌కు: లైట్లు, ఫ్యాన్లకు 1.5 స్క్వేర్ వేసి 6 లేదా 10. పవర్ సాకెట్లకు 2.5 వేస్తే 10. 4 వేస్తే 16. 6 వేస్తే 25. 10 వేస్తే 32. గీజరు పాయింటు మూడు కిలోవాట్లదైతే 13 ఆంపియర్లు, అది 4 స్క్వేర్, 16 ఎంసీబీ కింద బాగా సరిపోతుంది. పైపు నీడ గోడలో పోతూ చల్లగా ఉంటుందనుకుంటే 2.5 మీద 16 ఎంసీబీ నడుస్తుంది.

ఏసీ, మోటారు ఉన్న సర్క్యూట్లకు సి రకం తీసుకోండి. బి రకం మోటారు మొదలయ్యే క్షణంలోని పెద్ద కరెంటుకే పడిపోతుంది.

ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోంది. పెద్దది వేయించుకోవచ్చా?

వైరు మారకుండా వద్దు. అసలు ఎంసీబీ అనుకున్నంత చురుకైనదేమీ కాదు. ఐఎస్ ప్రమాణం ప్రకారమే 16 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్ల దగ్గర గంటసేపు పడకుండా ఉండొచ్చు. 23 దగ్గర గంటలోపు పడితే చాలు. అంటే ఓవర్‌లోడు మీద పడిపోతోందంటే వైరు అప్పటికే చాలాసేపటి నుంచి వేడెక్కుతోందని లెక్క. అలాంటప్పుడు 25 వేస్తే పడటం ఆగుతుంది, వేడి ఆగదు.

పడటానికి లోడు ఒక్కటే కారణం కాదు. ఎంసీబీ స్క్రూ వదులై అక్కడే వేడెక్కి పడొచ్చు. 0.1 ఓం నిరోధం ఉన్న వదులు జాయింటు మీదుగా 20 ఆంపియర్లు పోతే 40 వాట్ల వేడి ఒక్క చుక్కలో పుడుతుంది. ఇన్సులేషన్ గోధుమ రంగుకు తిరగడం, ప్లాస్టిక్ మాడిన వాసన, ఎంసీబీ ముఖం చేతికి వేడిగా తగలడం దీని గుర్తులు. స్క్రూ బిగించే ముందు మెయిన్ ఆపి, ఆ మాడిన కొస కోసేసి, కొత్త కొస ఎక్కించాలి.

వైరు పొడవుకూ సైజుకూ సంబంధం ఏమిటి?

పొడవు పెరిగినకొద్దీ వైరులోనే వోల్టేజీ కొంత పోతుంది. వేడెక్కిన రాగి వైరుకు, వచ్చే, పోయే రెండు వైర్లూ కలిపి, ఒక మీటరు దూరానికి ఒక ఆంపియరుకు పోయే మిల్లీవోల్టులు: 1.5 స్క్వేర్‌కు 29, 2.5కు 18, 4కు 11, 6కు 7.3, 10కు 4.4, 16కు 2.8. ఈ అంకెను మీటర్లతో, ఆంపియర్లతో గుణించి 1,000తో భాగించండి. లైట్లు, సాకెట్లకు మొత్తం 3 శాతం, అంటే 7 వోల్టులు దాటకుండా చూసుకుంటే నిశ్చింత. మోటారుకు 5 శాతం వరకు ఓర్చుకోవచ్చు.

చిన్న ఇంట్లో మీటరు నుంచి పాయింటుకు 15 మీటర్లు అయితే ఈ లెక్క పెద్దగా అడ్డు రాదు. వేడి లెక్కే సైజు నిర్ణయిస్తుంది. పొలంలో కట్టుకున్న ఇల్లు, దొడ్లో దూరంగా ఉన్న పశువుల కొట్టం, బోరు ఉంటే మాత్రం లెక్క తిరగబడుతుంది.

బోరు మోటారుకు ఎంత కేబుల్?

కనిగిరి, మార్కాపురం వైపు బోర్లు లోతు కాబట్టి కేబుల్‌లో తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఇంటి నుంచి బోరుకు 20 మీటర్లు, మోటారు 300 అడుగుల లోతున, అంటే ఇంకో 90 మీటర్లు. దూరం 110 మీటర్లు. ఒకటిన్నర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు 10.5 ఆంపియర్లు లాగుతుందనుకుందాం.

2.5 స్క్వేర్ ఫ్లాట్ కేబుల్ వేస్తే 110 × 10.5 × 18, అంటే దాదాపు 21 వోల్టులు పోతాయి. మొత్తంలో 9 శాతం. 4 స్క్వేర్‌లో దాదాపు 13 వోల్టులు. 6 స్క్వేర్‌లో ఎనిమిదిన్నర. ఇంటి దగ్గరే 200 వోల్టులు వస్తున్న వేసవి రోజున 2.5 మీద మోటారుకు 180 కూడా చేరవు. మోటారు మొదలయ్యేటప్పుడు నడిచే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది కాబట్టి ఆ క్షణంలో ఇంకా పడిపోతుంది. గుంయ్‌మని శబ్దం చేసి తిరగకపోవడం, స్టార్టర్ ప్యానెల్‌లో కెపాసిటర్ మాటిమాటికీ పోవడం, చివరికి వైండింగ్ కాలడం అన్నీ దీని ఫలితాలే. మోటారు రీవైండింగ్ రెండుసార్లు చేయించిన డబ్బుతో 6 స్క్వేర్ కేబుల్ వచ్చేస్తుంది.

బోరులో దిగే కేబుల్ మూడు తీగల ఫ్లాట్ సబ్‌మెర్సిబుల్ కేబులే కావాలి. నీళ్లలో జాయింటు వేయాల్సి వస్తే దానికోసం అమ్మే జాయింటు కిట్ వాడండి. ఇన్సులేషన్ టేపు చుట్టి దింపితే కొన్ని నెలలకు నీళ్లు లోపలికి చేరతాయి.

స్తంభం నుంచి వచ్చే సర్వీస్ వైరు మేమే మార్చుకోవచ్చా?

స్తంభం మీద చేయి వేయకూడదు. నెల్లూరు వైపు సదరన్ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ), ఒంగోలు వైపు సెంట్రల్ డిస్కం పరిధి. లోడు పెంపుకు డిస్కం వెబ్‌సైటులోనో, మీ సెక్షన్ ఆఫీసులోనో దరఖాస్తు పెట్టి, పెరిగే కిలోవాట్లకు డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ కట్టాలి. ఊళ్లో సచివాలయం ఎనర్జీ అసిస్టెంటును అడిగినా దారి చూపుతారు. మీ బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు ఎంతో రాసి ఉంటుంది, ముందు అది చూసుకోండి. సీల్ ఉన్న చోట ఎవరు తీయమన్నా తీయకండి.

వైరు సైజు గురించి మాత్రం మీకు అవగాహన ఉండాలి. సర్వీస్ వైరు సాధారణంగా జీఐ (జింకు పూత పూసిన ఇనుము) తీగకు కట్టిన అల్యూమినియం రెండు తీగల కేబుల్. ఇల్లు స్తంభానికి 30 మీటర్ల దూరం, కరెంటు 25 ఆంపియర్లు అనుకుంటే, 6 స్క్వేర్ అల్యూమినియంలో దాదాపు 8.3 వోల్టులు, 10 స్క్వేర్‌లో 5.5, 16 స్క్వేర్‌లో 3.4 పోతాయి. ఇంటి లోపల ఇంకా కొంత పోతుంది కాబట్టి 16 వేయించుకుంటే మేలు. మేస్త్రీలు 4 స్క్వేర్ అల్యూమినియం ఇంకా తెస్తున్నారు. ఒక ఫ్యాను, రెండు లైట్ల కాలానికి సరిపోయిన వైరు అది.

రాగి మంచిదా, అల్యూమినియం మంచిదా?

లోపల రాగి. బయట సర్వీసుకు అల్యూమినియం సరిపోతుంది, బరువు తక్కువ, దొంగల కన్నూ పడదు. రాగితో పోలిస్తే అల్యూమినియం వాహకత దాదాపు 61 శాతమే కాబట్టి ఒక సైజు పైన తీసుకోవాలి: 10 స్క్వేర్ రాగికి సాటి 16 స్క్వేర్ అల్యూమినియం.

అసలు చిక్కంతా రెండూ కలిసే చోట. రాగి, అల్యూమినియం నేరుగా మెలిపెడితే తేమ తగలగానే అల్యూమినియం తినేసుకుపోతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలికి ఇది మరింత వేగం. పైగా అల్యూమినియం స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా నలిగి, కొన్నాళ్లకు బిగింపు వదులవుతుంది. అందుకని తగరం పూత ఉన్న లగ్గు (వైరు కొసకు వేసే లోహపు తొడుగు) లేదా రాగి-అల్యూమినియం బైమెటల్ లగ్గు, దానికి తగిన క్రింపింగ్ పనిముట్టుతో నొక్కి, కాంటాక్టు గ్రీజు రాసి ఎక్కించాలి. తీరంలో మీటరు బోర్డు దగ్గరి స్క్రూలు ఏడాదికొకసారి ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. తుఫాను వెళ్లాక తప్పకుండా చూపించండి.

త్రీ ఫేజ్ తీసుకుంటే వైరు సన్నగా వేయొచ్చా?

సూత్రం ప్రకారం వేయొచ్చు. పది కిలోవాట్లు మూడు ఫేజుల మీద సమానంగా పంచితే ఒక్కో ఫేజు మీద దాదాపు 15 ఆంపియర్లే. అందులో సగం, అయిదు కిలోవాట్లే అయినా సింగిల్ ఫేజ్ మీద దాదాపు 22. కానీ ఇంట్లో సమానంగా పంచుకోవడం కష్టం. రాత్రి ఏసీలన్నీ ఒకే ఫేజు మీద ఉంటే ఆ ఫేజు వైరు మీదే భారమంతా. కాబట్టి మీటరు నుంచి డీబీకి నాలుగు వైర్లూ 6 స్క్వేర్ తగ్గకుండా, పది కిలోవాట్లు దాటే ఇంటికి 10 స్క్వేర్ వేయండి. ఏసీలను ఒక్కో ఫేజుకు ఒకటి చొప్పున పంచండి. బెడ్‌రూం ఏసీ, గీజరు, మోటారు ఒకే ఫేజు మీద పెట్టకండి.

న్యూట్రల్ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఫేజుకు ఎంత సైజో న్యూట్రల్‌కు కూడా అంతే. త్రీ ఫేజ్ ఇంట్లో న్యూట్రల్ తెగినా, వదులైనా, తక్కువ లోడు ఉన్న ఫేజు మీది టీవీ, ఫ్రిజ్‌లకు 300 వోల్టులు దాటి రావచ్చు. ఒకేసారి ఇంట్లో మూడు నాలుగు సామాన్లు కాలిపోయాయంటే మొదట అనుమానించాల్సింది న్యూట్రల్ జాయింటునే. న్యూట్రల్‌లో ఫ్యూజు గానీ, విడిగా పడే స్విచ్చు గానీ ఉండకూడదు.

సింగిల్ ఫేజ్ చాలా, త్రీ ఫేజ్ కావాలా అన్నది మీరు అడిగే కిలోవాట్లను బట్టి డిస్కం చెబుతుంది.

మా ఇంట్లో 3/20, 7/20 అని పాత వైర్లున్నాయి. అవి ఎంత?

మొదటి అంకె తీగల సంఖ్య, రెండోది ఒక్కో తీగ గేజి (మందం నంబరు). 1/18, 3/22 రెండూ దాదాపు 1.2 స్క్వేర్. 3/20 దాదాపు 2. 7/22 దాదాపు 2.8. 7/20 దాదాపు 4.6. 7/18 దాదాపు 8. పాత మెయిన్ వైరు 7/20 రాగి అయితే ఫర్వాలేదనిపిస్తుంది గానీ, అల్యూమినియం కూడా అదే గేజిలో అమ్మేవాళ్లు. కొస గీకి చూడండి. తెల్లగా ఉంటే అల్యూమినియం.

ఇన్సులేషన్ వంచితే పగిలినా, పొడిపొడిగా రాలినా సైజుతో పనిలేదు. మార్చేయండి.

ఎర్త్ వైరు సైజు, ఎర్త్ గొయ్యి సంగతి?

ఫేజు వైరు 16 స్క్వేర్ వరకు ఎర్త్ వైరు కూడా అంతే సైజు. 16 నుంచి 35 వరకు 16 చాలు. ప్రతి పవర్ సాకెట్‌కు, గీజరుకు, మోటారుకు ఎర్త్ విడిగా రావాలి. న్యూట్రల్ నుంచి కలిపి ఎర్త్ పిన్నుకు ఇవ్వడం ప్రాణం మీదికి తెచ్చే పని.

గొయ్యికి 40 మి.మీ. జీఐ పైపు, పొడవు కనీసం 2.5 మీటర్లు. ఇసుక నేలలో నీళ్లు నిలవవు, వేసవిలో నిరోధం పెరిగిపోతుంది. తీరంలో ఉప్పు నీరు తగిలి జీఐ పైపు తొందరగా తుప్పుపడుతుంది. చీమకుర్తి వైపు రాతి నేలలో 2.5 మీటర్లు దిగకపోవచ్చు, అక్కడ నేల దొరికిన చోట రెండు గోతులు తీసి కలపడం మంచిది. రాయి దొరికేదాకా కొట్టి, మిగిలిన పైపు పైకి కోసేసి "అయింది" అంటారు, ఒప్పుకోకండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ డీబీలో తప్పనిసరి (కరెంటు నేలకో మనిషికో లీకైతే వెంటనే పడిపోయే స్విచ్చు ఇది). ఎర్త్ ఎంత బాగున్నా అది దానికి బదులు కాదు.

షాపులో నకిలీ వైరు ఎలా పట్టుకోవాలి?

ఐఎస్ 694 అని, ఐఎస్ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్ లైసెన్సు నంబరు వైరు మీదే ముద్రించి ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది. పేరు కలవకపోతే తీసుకోకండి.

దానికంటే మోసపోని పరీక్ష తూకం. 90 మీటర్ల 2.5 స్క్వేర్ కాయిల్‌లో రాగి ఒక్కటే 1.8 నుంచి 2 కిలోలు ఉంటుంది. ఇన్సులేషన్‌తో కలిపి రెండున్నర కిలోల పైచిలుకు తూగాలి. కాయిల్ తేలిగ్గా ఉందంటే పొడవు తగ్గించి ఉండాలి, లేదా రాగి పూసిన అల్యూమినియం అయ్యుండాలి. రెండోది తీగ కొస కత్తితో గీస్తే లోపల తెల్లగా బయటపడుతుంది. రాగి సాంద్రత అల్యూమినియానికి మూడు రెట్లకు పైన కాబట్టి తూకం దగ్గర దాచడం కష్టం.

ఎఫ్ఆర్, ఎఫ్ఆర్ఎల్ఎస్, హెచ్ఎఫ్ఎఫ్ఆర్ అంటే?

మొదటిది మంటను తొందరగా పాకనివ్వదు. రెండోది అదనంగా పొగ తక్కువ వదులుతుంది. మూడోది విషవాయువులు చాలా తక్కువ, దానికి ప్రమాణం ఐఎస్ 17048. సొంతింటికి ఎఫ్ఆర్ఎల్ఎస్ చాలు. అపార్టుమెంటు మెట్ల దగ్గర పోయే మెయిన్ వైర్లకు మూడోదే మంచిది. ఏది తీసుకున్నా ఆంపియర్ల లెక్కను అది మార్చదు.

రెండు సన్న వైర్లు కలిపి ఒక లావు వైరుగా వాడొచ్చా?

వద్దు. ఒకదాని జాయింటు వదులైతే మొత్తం లోడు రెండోదాని మీద పడుతుంది, ఎంసీబీకి తెలియదు.

పాత పైపులోంచే లావు వైరు లాగొచ్చా?

పైపు లోపలి చోటులో 40 శాతం మించి వైర్లతో నింపకూడదు. 10 స్క్వేర్ రెండు, ఎర్త్ ఒకటి కలిపి 25 మి.మీ. పైపులో సుఖంగా పోతాయి, 20 మి.మీ. పైపులో పోవు. 16 స్క్వేర్‌కు 32 మి.మీ. చూసుకోండి. పాత వైరును కొత్త వైరుకు కట్టి లాగితే వంపుల దగ్గర ఇన్సులేషన్ గీసుకుపోతుంది. అడ్డం పడితే బలవంతంగా లాగొద్దు. ఆ ఒక్క వంపు పగలగొట్టడమే మేలు.

ఇన్వర్టర్, సోలార్, కారు చార్జర్ పెడితే?

ఇన్వర్టర్ లైన్లకు న్యూట్రల్ విడిగా పోవాలి, డిస్కం న్యూట్రల్‌తో డీబీలో కలిపేస్తే ఆర్‌సీసీబీ పడుతూనే ఉంటుంది. బ్యాటరీ వైర్లు పొట్టిగా, లావుగా: 12 వోల్టుల మీద వెయ్యి వాట్లంటే 80 ఆంపియర్ల పైమాటే, 16 నుంచి 25 స్క్వేర్ కావాలి.

సోలార్‌కు, పీఎం సూర్య ఘర్ సబ్సిడీతో (మూడు కిలోవాట్లకు 78,000 రూపాయలు) పెట్టుకున్నా, ప్యానెళ్ల వైపు సోలార్ డీసీ కేబులే వాడాలి. ఇంటి పీవీసీ వైరు ఎండకు, డీసీకి పనికిరాదు.

7.4 కిలోవాట్ల కారు చార్జర్ 32 ఆంపియర్లు గంటల తరబడి లాగుతుంది. మధ్యలో చల్లారే వ్యవధి ఉండదు. డీబీ నుంచి దానికి విడి సర్క్యూట్, 10 స్క్వేర్ కనీసం, దూరం 20 మీటర్లు దాటినా, పైపు ఎండలో పోయినా 16. స్కూటరు చార్జర్‌కు ఇదేమీ అక్కర్లేదు, మామూలు పవర్ సాకెట్ చాలు.

వోల్టేజీ తక్కువ వస్తోంది. తప్పు మా వైరుదా, డిస్కందా?

మల్టీమీటరుతో పావుగంట పని. ఏసీ, గీజరు ఆపి మీటరు తర్వాతి మెయిన్ స్విచ్చు దగ్గర వోల్టేజీ రాసుకోండి. అన్నీ నడిపి మళ్లీ అక్కడే చూడండి. అక్కడే 10 వోల్టులకు పైగా పడితే సర్వీస్ వైరు, దాని జాయింట్లు, లేదా ట్రాన్స్‌ఫార్మర్ కారణం. 1912కు ఫిర్యాదు చేయండి. పొరుగింట్లో కూడా అదే సమయానికి పడుతుంటే ట్రాన్స్‌ఫార్మర్ మీదే అనుమానం, మీ ఇంట్లో వైరు మార్చి లాభం లేదు. మెయిన్ స్విచ్చు దగ్గర నిలకడగా ఉండి ఏసీ పాయింటు దగ్గర మాత్రం పడితే, మీ లోపలి వైరు సన్నది లేదా మధ్యలో ఒక జాయింటు పోయింది. ఈ కొలత బయటి స్విచ్చు తెరిచి చేయాల్సి వస్తే ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

పని పూర్తయ్యాక ఏం చూసి డబ్బివ్వాలి?

కరెంటు ఇవ్వకముందు 500 వోల్టుల మెగ్గర్‌తో ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్త్ మధ్య ఇన్సులేషన్ కొలిపించండి. ఒక మెగోమ్ కంటే పైన రావాలి, కొత్త వైరుకు దానికి ఎన్నో రెట్లు వస్తుంది. డీబీ మూత తీయించి, ఎంసీబీ నోట్లో వైరు దూరడం కోసం కొన్ని తీగలు కత్తిరించారేమో చూడండి. 10 స్క్వేర్ కొస పట్టకపోతే పిన్ను లగ్గు వేయాలి, తీగలు కోయడం కాదు. కోసిన చోట అది 10 స్క్వేర్ కాదు, ఆరో ఏడో.

తర్వాత లోడంతా అరగంట నడిపి, క్లాంపు మీటరుతో మెయిన్ మీద ఆంపియర్లు చూపించమనండి, ప్రతి ఎంసీబీ ముఖం చేతి వెనక భాగంతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చేయి పెట్టలేనంత వేడి ఉంటే ఆ కొస మళ్లీ తీసి బిగించాలి. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడాలి. ఆ బటన్ నెలకొకసారి మీరే నొక్కుకోవచ్చు. చివరగా, డీబీ మూత లోపల ఏ ఎంసీబీ కింద ఏ సైజు వైరు, ఏ గదికి పోయిందో పెన్నుతో రాయించుకోండి. నాలుగేళ్ల తర్వాత ఇంకో మేస్త్రీ వచ్చినప్పుడు గోడలన్నీ తట్టి చూసుకోనక్కర్లేదు.